తుప్పు మీద రంగు

1950లలో మద్రాసునందు బిగింప నారంభించిన బుల్లెట్ మోటారు సైకిళ్లలో పాతవి కొన్ని నేటికిని తిరుగుచున్నవి. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి గల అట్టి బండి నొకదానిని మా పెరటి పాకలో బాగుచేయుచున్నాము. మడ్‌గార్డు నిండ తుప్పు. పైన లప్పము పెట్టి రంగు కొట్టుట ఒక పూట పని. ఇనుము మెరయు వరకు ఉప్పుకాగితముతో రుద్దుట వారము పని. బండి మాది, అమ్మబోము. ఎవరికిని నష్టములేని చోట ఇది అబద్ధమగునా?

అగుననియే మాకు తోచినది. తుప్పు ఊరకుండదు. లప్పము క్రింద తేమ చేరి రేకును తినివేయును. పైన మెరుపున్నంత కాలము లోపల చూడవలెనను తలంపే రాదు. మొదట మోసపోవువాడు యజమానుడే. మత్తయి 23వ అధ్యాయములో ప్రభువు సున్నము కొట్టిన సమాధులను గూర్చి చెప్పినది పరిసయ్యులకే అనుకొంటిమి గదా!

సైలెన్సరు లోపలి గొట్టము తీసి మ్రోత పెంచుడని మా యువకులు బలవంతపెట్టిరి. ప్రక్క యింట బాలింత యున్నది, తీయలేదు.

మడ్‌గార్డు రుద్దగా రెండు బెజ్జములు బయటపడినవి. వెల్డింగు షాపునకు పంపితిమి.