జాబితా రాసేవాడి బాధ్యత

ముప్ఫయి ఏళ్లకు పైగా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పాను. చదువు ముగించిన కుర్రవాళ్లు సలహాకు వస్తే, చివరి ఇరవై ఏళ్లూ నేను చెప్పింది ఒకటే: కంప్యూటర్ పని నేర్చుకుని ఏదైనా కంపెనీలో సమాచార వ్యవస్థల విభాగంలో చేరమని. ఈ సలహా వెనక సిద్ధాంతమేమీ లేదు. ఎకరన్నర మీద బతికే ఇంటినుంచి వచ్చినవాడికి ఫీజుల కోసం చేసిన అప్పు తీరాలి, చెల్లెలి చదువు సాగాలి. ఆ పని అంత తొందరగా చేసిపెట్టే ఉద్యోగం మరొకటి నాకు కనిపించలేదు. అలా చెప్పినందుకు ఇప్పటికీ నాకు విచారం లేదు. కాని చెప్పకుండా వదిలేసిన భాగం ఒకటి ఉన్నదని ఈమధ్యనే తెలిసివచ్చింది.

నా దగ్గర చదువుకున్న ఒకతను మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చాడు. ఏడేళ్లుగా ఆ రంగంలోనే ఉన్నాడు. మాటల సందర్భంలో తాను చేసిన పని చెప్పాడు. ఎక్కడో దూరపు రాష్ట్రంలో వృద్ధులకూ వితంతువులకూ ఇచ్చే పింఛన్ల జాబితా ఉన్నది. దాన్ని భూముల జాబితాతో, వాహనాల జాబితాతో, చనిపోయినవారి జాబితాతో పోల్చి అనర్హులను ఏరివెయ్యాలి. ఇక్కడి మనిషీ అక్కడి మనిషీ ఒకరేనా అన్నది పేరూ, తండ్రి పేరూ, ఊరూ చూసి కంప్యూటర్ నూటికి ఇన్నని మార్కులు వేస్తుంది. ఎన్ని మార్కులు వస్తే ఒకే మనిషి అనుకోవాలి? ఎనభై అని మావాడు పెట్టాడు.

"ఎనభయ్యే ఎందుకు?" అన్నాను.

"ఏదో ఒకటి పెట్టాలి గదా, మాస్టారూ. ఎందుకని ఎవరూ అడగలేదు," అన్నాడు.

ఆ రాష్ట్రం సంగతి ఎలా ఉన్నా, మన పేర్ల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ఒకే మనిషి ఓటర్ల జాబితాలో వెంకటేశ్వర్లు, పట్టాదారు పుస్తకంలో వెంకటేశ్వరరావు, బ్యాంకులో వెంకటేశం. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఒకచోట పొడి అక్షరం, ఒకచోట అసలే ఉండదు. ఆడమనిషికైతే పెళ్లితో అదీ మారుతుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో నలుగురు లక్ష్మమ్మలుంటారు. హద్దు పైకి జరిపితే అనర్హులు కొందరు తప్పించుకుంటారు. కిందికి జరిపితే ఒక లక్ష్మమ్మ ట్రాక్టరు ఇంకో లక్ష్మమ్మ నెత్తిన పడి ఆమె పింఛను పోతుంది. ఎటు జరిపినా నష్టం తప్పదు. అది ఖజానాకు కలగాలా, ముసలిదాని కంచానికి కలగాలా అన్నది లెక్కల ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు మావాడు ఒక మధ్యాహ్నం జవాబు రాసేశాడు. రాశానని కూడా అతనికి తెలియదు.

ఈ మాటంటే అతను నొచ్చుకున్నాడు. "నేను జీతగాణ్ణి. తుపాకీ ఫ్యాక్టరీలో మరలు బిగించేవాణ్ణి హత్యకు బాధ్యుణ్ణి చేస్తారా? తీసెయ్యమన్నది ఆఫీసర్లు," అన్నాడు. ఈ వాదన మనవాళ్లకు కూడా నచ్చుతుంది. శ్రామికుడు తన శ్రమఫలానికి యజమాని కాడు గనక దాని పాపపుణ్యాలు యజమానివే అని మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. అందులో నిజమున్నది. కాని తుపాకీ ఫ్యాక్టరీలో మర ఎంత లావుండాలో పైనుంచి వస్తుంది. ఇక్కడ పైనుంచి వచ్చేది "బోగస్ పేర్లు తీసెయ్యండి" అన్న ఒక్క మాట. బోగస్ అంటే ఎవరన్నది కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు తేలుస్తాడు. కంప్యూటర్ నిర్ణయించిందని ఆఫీసరు అనుకుంటాడు, ఆఫీసరు నిర్ణయించాడని కుర్రవాడు అనుకుంటాడు. మధ్యలో నిర్ణయం మటుకు జరిగిపోతుంది.

ఇలాంటిది మన దగ్గరా జరిగింది. తెలంగాణలో 2014–2019 మధ్య 18 లక్షలకు పైగా ఆహారభద్రత కార్డులు రద్దయినవి. కార్డుదారులకు ముందుగా నోటీసులు లేవు. 2022లో సుప్రీంకోర్టు ఆ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి తనిఖీ చెయ్యమన్నది. ఇంటికి పోయి మనిషిని చూడమన్నదన్న మాట. మొదట చెయ్యవలసిన పని అదే.

బ్రిటన్‌లో ఇంకా ఘోరం జరిగింది. పోస్టాఫీసుల లెక్కలకు 1999లో హొరైజన్ అనే వ్యవస్థను ప్రవేశపెట్టారు. అది డబ్బు తక్కువ చూపిస్తే ఆ పోస్టాఫీసు నడిపేవాడు దొంగ. 2015 లోపల 900 మందికి పైగా శిక్షలు పడ్డవి. వ్యవస్థలోనే లోపాలున్నవని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. 2024లో చట్టం చేసి శిక్షలు రద్దు చేశారు. లోపలి ఉద్యోగుల్లో కొందరికి ఈ సంగతి ముందే తెలుసు. వారిలో రిచర్డ్ రోల్ అనే ఆయన 2015లో టెలివిజన్‌లో బయటపెట్టాడు, 2019లో కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 2015 నాటికి ఆయన ఆ ఉద్యోగం మాని పదేళ్లు దాటింది. ఇంత ఆలస్యమెందుకని నిలదీసే హక్కు నాకున్నదనుకోను. నేను నా కాలేజీలో ఎన్నిటికి నోరు మూసుకున్నానో నాకు తెలుసు.

వెనకటి రోజులు బాగుండేవని నా ఉద్దేశం కాదు. కరణం చేతిలోని జాబితా ఎంత న్యాయమైనదో మన తాతలకు తెలుసు. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయితే కరణాలు తప్ప ఏడ్చినవాళ్లు తక్కువ. ఐతే కరణం అన్యాయం చేస్తే ఆయన అరుగు ముందు నిలబడి తిట్టటానికి వీలుండేది. నలుగురు కలిసి పోతే ఎప్పుడన్నా కలం వెనక్కు తగ్గేది. ఎనభై అనే అంకె ఏ అరుగు మీద కూర్చుంటుంది?

1960లలో కలకత్తాలో జీవితబీమా ఉద్యోగులు కంప్యూటర్‌ను రానివ్వకుండా పోరాడారు. ఎన్ని ఉద్యోగాలు పోతవన్నది వారి ప్రశ్న. అది సరైన ప్రశ్నే. కాని ఆ యంత్రం ఎవరి పేరు కొట్టేస్తుందన్న రెండో ప్రశ్న మనం వేసుకోలేదు. మన పిల్లలే దాని వెనక కూర్చుంటారని ఎవరం అనుకోలేదు.

ఇలాంటప్పుడు రాజీనామా చెయ్యమనే పెద్దమనుషులుంటారు. అప్పులేనివాళ్లు ఇచ్చే సలహా అది. రాజీనామా చేసినవాడి మనస్సు తేలికపడవచ్చు. ఆ కుర్చీలో మరొకడు కూర్చుని డెబ్బై పెడతాడు. నేనడిగేది అంతకన్న చిన్న పని, బహుశా అంతకన్న కష్టమైనది. ఈ హద్దు పెడితే ఎలాంటివాళ్లు పొరపాటున పోతారో కాగితం మీద రాసి పైవాళ్లకు పంపాలి. కారణం చెప్పకుండా, ఎదురు చెప్పుకునే గడువివ్వకుండా పేరు తీయరాదని అడగాలి. ఒక్కడడిగితే సణుగుడు అంటారు గనక పదిమంది అడగాలి. కర్ణాటకలో ఈ రంగం ఉద్యోగులు 2017లో యూనియన్ పెట్టుకున్నారు. పని గంటల గురించీ తొలగింపుల గురించీ అడగటం నేర్చిన సంఘం, తమ పని ఎవరి నోటిదగ్గర కూడు తీస్తున్నదని ఎందుకు అడగకూడదు?

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "నన్ను చేరమన్నప్పుడు ఇవన్నీ చెప్పలేదు గదా, మాస్టారూ," అన్నాడు. చెప్పలేదు.

తీసేసిన పేర్లలో వంద ఏరి, ఇళ్లకు పోయి చూడాలని పైవాళ్లకు రాస్తానన్నాడు. న్యాయం గురించి రాస్తే చదవరనీ, కేసులు పడితే కంపెనీకి అయ్యే ఖర్చు గురించి రాస్తే చదువుతారనీ అతనే అన్నాడు. నాకది రుచించలేదు గాని, ఇద్దరం కూర్చుని అలాగే రాశాం. ఇది రాసేనాటికి జవాబు రాలేదు.