ఎవరి నాలుక, ఎవరి మార్కులు

ఒకే తోటలో పండిన ద్రాక్షతో చేసిన మాల్బెక్ వైన్లు అరడజను ముందు పెట్టుకుని, ఒక్కోటీ పుక్కిలించి, దీనికి 88, దానికి 91 అని రాసుకునేవాళ్ళని చూస్తే మనలో చాలామందికి నవ్వొస్తుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు కదా, మధ్యలో ఈ మార్కులేంటి అనిపిస్తుంది. అరకు కొండల్లో మాత్రం ఇది నవ్వులాట కాదు. అక్కడ మార్కులేసేది కాఫీకి. ఆ మార్కుల వెనక ఒక కుటుంబం ఏడాది కష్టం ఉంటుంది.

కాఫీ రుచి చూసే పద్ధతిని కప్పింగ్ అంటారు. 150 మిల్లీలీటర్ల నీళ్ళకి 8.25 గ్రాముల పొడి. మరిగి దించిన నీళ్ళు పోసి నాలుగు నిమిషాలు ఆగుతారు. పైన కట్టిన తెట్టుని చెంచాతో చీల్చి వాసన చూస్తారు. కాస్త చల్లారాక చెంచాడు కాఫీని చప్పుడయ్యేలా జుర్రి ఉమ్మేస్తారు. కప్పు మీద రైతు పేరుండదు, అంకె మాత్రమే. వాసన, పులుపు, తీపి, నిండుదనం, మింగాక మిగిలే రుచి, ఇలా పది అంశాలకి కలిపి వంద మార్కులు. 80 దాటితే అది స్పెషాల్టీ కాఫీ. నాంది ఫౌండేషన్ 2009 నుంచి 'జెమ్స్ ఆఫ్ అరకు' పేరుతో విదేశీ నిపుణుల్ని రప్పించి గిరిజన రైతుల కాఫీకి ఇలాంటి పోటీ పెడుతోంది. 2017లో అరకు కాఫీ కొట్టు పారిస్‌లో తెరుచుకుంది. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళ నాలుక, పాడేరు వైపు ఒక కొండవాలు మీద పండిన పంటకి విలువ కట్టడం న్యాయమేనా?

వెంటనే కాదనేయాలనిపిస్తుంది. కానీ కాటా గురించి కూడా ఆలోచించాలి. కాఫీ చెట్టు మీద పళ్ళన్నీ ఒకేసారి పండవు. ఎర్రగా పండినవాటినే ఏరాలంటే అదే చెట్టు దగ్గరకి మూడు నాలుగుసార్లు వెళ్ళాలి. పచ్చివీ పండువీ కలిపి ఒక్కసారే దూసేస్తే పని సులువు, బరువు కూడా తగ్గదు. కాటాకి ఈ తేడా తెలీదు. నాలుకకి తెలుస్తుంది. పచ్చికాయ వగరు, ఎక్కువ పులిసిన గింజ కంపు కప్పులో దాక్కోలేవు. అంటే ఓపిగ్గా ఏరిన చేతిని గుర్తుపట్టేది ఆ పరాయి నాలుకే. పేరు చూడకుండా గుర్తుపట్టడం ఇంకా మంచిది. 1976లో పారిస్‌లో సీసాల మీద పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే తమ దేశపు వైన్లని కాదని కాలిఫోర్నియా వైన్లకి మొదటి స్థానాలిచ్చారు. పేరు కనపడి ఉంటే అలా జరిగేదా?

డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి గురించి రాసిన వ్యాసంలో, డాన్ కిహోటే నవల్లోని ఒక పిట్టకథ చెప్తాడు. ఇద్దరు ఒకే పీపాలోని వైన్ రుచి చూస్తారు. బావుంది గానీ కాస్త తోలు వాసనుందంటాడు ఒకడు. కాదు, ఇనుము రుచంటాడు రెండోవాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు ముక్క కట్టిన తాళంచెవి దొరుకుతుంది. రుచి నాలుక కల్పించుకున్నది మాత్రమే కాదు, పీపాలో కూడా ఏదో ఉందని హ్యూమ్ వాదన.

ఒప్పుకుందాం. అయితే తాళంచెవి ఉందని చెప్పడం వేరు, ఈ వైన్‌కి 91 అనడం వేరు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన కాలిఫోర్నియా పోటీల్లో ఒకే సీసాలోని వైన్‌ని న్యాయనిర్ణేతలకి తెలియకుండా మూడేసిసార్లు పోయించి చూశాడు. నిలకడగా మార్కులేసినవాళ్ళు పదిమందిలో ఒకరే అని 2008లో ప్రచురించాడు. ఒక్క మార్కు తేడాతో ధర మారిపోయే చోట ఇది చిన్న విషయం కాదు.

ఇంకోటి మాటల సంగతి. కాఫీ రుచిని వర్ణించడానికి వాడే పటంలో బ్లూబెర్రీ ఉంటుంది, మేపుల్ సిరప్ ఉంటుంది. చోడి అంబలి, జీలుగు కల్లు ఉండవు. ఆ పళ్ళు ఎప్పుడూ తినని రైతుకి, నీ కాఫీలో బ్లూబెర్రీ తగిలిందంటే అది మెచ్చుకోలో తిట్టో ఎలా తెలుస్తుంది? పులుపులో ఎన్ని రకాలున్నాయో చింతకాయ, ఉసిరి, నేరేడు తిని పెరిగిన మనిషికి ఒకరు నేర్పాలా?

2023లో అంతర్జాతీయ స్పెషాల్టీ కాఫీ సంఘం కొత్త పద్ధతి తెచ్చింది. అందులో కప్పులో ఏముందో ఒక కాగితం మీద, అది నాకెంత నచ్చిందో ఇంకో కాగితం మీద రాయాలి. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, నైతికంగా పెద్దది. ఏముందో చెప్పేది సాక్ష్యం, నచ్చిందో లేదో చెప్పేది కొనేవాడి ఇష్టం. ఇన్నాళ్ళూ రెండోది మొదటిదాని వేషంలో తిరిగింది.

కాబట్టి మార్కులు వద్దనడం కాదు. వద్దంటే మళ్ళీ కాటాయే మిగులుతుంది, ఓపిగ్గా ఏరినవాళ్ళకి అది చేసే అన్యాయం మిగులుతుంది. తీర్పుకి గురయ్యేవాడు ఆ తీర్పుని పరీక్షించగలిగినప్పుడే అది న్యాయమవుతుంది. పండించినవాళ్ళ చేతికి కూడా చెంచా రావాలి. తన కప్పునే కాదు, పక్కవాడి కప్పునీ, బ్రెజిల్ కప్పునీ జుర్రి, ఇది ఉసిరి పులుపు, ఇది పచ్చి వగరు అని వాళ్ళు చెప్తుంటే, ఆ మాట కూడా కాగితం మీదకి ఎక్కాలి. అప్పుడు 87 అన్న అంకె మీద గొడవ పడొచ్చు. గొడవ పడటానికి వీల్లేని మార్కుని ధర అనొచ్చేమో గానీ, రుచి అనలేం.