ప్రతికృతియు, సత్యమును

పూర్వకాలపు వస్తువును నేటి చేతులతో మరల నిర్మించుట దానికి గౌరవమా, లేక వంచనయా? ఈ ప్రశ్నను విచారించుటకు కాశ్మీరపు శాలువకంటె తగిన ఉదాహరణము అరుదు.

అచ్చట శాలువలు రెండు విధములు. ‘కానీ’ శాలువలో పూలు, లతలు మగ్గముమీదనే పుట్టును. రంగుల నూలు చుట్టిన చిన్న కొయ్యకండెలను ‘తాలీమ్’ అను సంకేతలిపి ననుసరించి నేతగాడు పడుగులో నడుపును. ఒక్క శాలువకు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. ‘అమ్లీ’ శాలువలోనన్ననో, సాదా పష్మీనామీద అదే చిత్రమును ఉన్నిదారముతో సూది కుట్టును. 19వ శతాబ్ది ఆరంభమున ఖ్వాజా యూసుఫ్ అను ఆర్మీనియా వర్తకుడు, అలీబాబా అను రఫూగరు సాయముతో ఈ పద్ధతిని ప్రవేశపెట్టెనని చెప్పుదురు. నేతకంటె కుట్టు చౌక; నేతపై గల సుంకము మొదట దీనికి లేదు. కావున అమ్లీ పుట్టుకతోనే అనుకరణము.

అయినను దానిని నేడు నకిలీ అని ఎవరందురు? మగ్గమునకు అడ్డము, నిలువు తప్ప తెలియదు. సూది ఇచ్చవచ్చినట్లు వంపు తిరుగగలదు. కాలక్రమమున ఆ సూదియే మనుష్యులను, మృగములను, వేటదృశ్యములను చిత్రించెను. శ్రద్ధతో చేసిన అనుకరణము తన త్రోవను తానే కనుగొనును.

ఇక రఫూగరు పనిని చూడుడు. చిరిగిన పాత శాలువను అతడు అతుకు కనబడకుండ బాగుచేయును. ఉత్తరప్రదేశములోని నజీబాబాదు ఈ విద్యకు ప్రసిద్ధము. తన చేయి కనబడకపోవుటయే అతని నేర్పు. యజమానికి చిరుగు సంగతి తెలియును గనుక ఇది మోసము కాదు. అదే శాలువను అంగడిలో పరచి ‘చెక్కు చెదరని ప్రాచీనవస్త్రము’ అన్నచో, ఆ కుట్టే అబద్ధమగును. దారము మారలేదు, మాట మారినది. అసత్యము వస్తువులో లేదు, దానినిగూర్చి పలికిన నోటిలో కలదు.

ఇంతటితో విచారణ ముగియదు. పాత శాలువను పునర్నిర్మించువాడు ఆనాటి రంగును, కుట్టును తుచ తప్పక పాటించును. మరి ఆనాటి కూలి మాటేమి? 1865 ఏప్రిల్ 29న శ్రీనగరములో పన్నుల భారమునకు ఓర్వలేక నేతగాండ్రు గుంపుగా బయలుదేరగా సైన్యము వారిపై బడెను. పలువురు ప్రాణములు కోల్పోయిరి. 1870–71 యుద్ధముతో ఫ్రాన్సు బేరము కూలెను. 1877లో మొదలైన కరవు మిగిలినవారిలో ఎందరినో కబళించెను. ఐరోపా సంపన్నగృహములు మెచ్చిన పూలవెనుక ఈ చరిత్ర కలదు. దానినికూడ మరల నేయవలెనని ఏ న్యాయము చెప్పును?

నమూనాను గతమునుండి తీసికొనవచ్చును. కూలిని మాత్రము వర్తమానమే చెల్లింపవలెను. 2008లో కాశ్మీర పష్మీనాకు లభించిన భౌగోళిక గుర్తింపు, యంత్రపు సరుకును చేతిపనియని అమ్ముటను అడ్డుకొనుటకు ఒక సాధనము. అయితే కుట్టినవాడెవడు, ఎన్ని దినములు కుట్టెను, చేతికేమి వచ్చెను అను ప్రశ్నలకు ముద్ర బదులు చెప్పదు. వాటిని కొనువాడు అడుగవలెను, అమ్మువాడు దాచకుండ చెప్పవలెను. అట్లు చెప్పగలిగిన ప్రతికృతి పాతదానికి నీడ కాదు, వారసురాలు.