దారి తెలిసినవాని ఋణము

భద్రాచలమునుండి దుమ్ముగూడెము, చర్ల దాటి అడవిలోనికి పోవువానికి రాష్ట్రపు సరిహద్దు ఎచ్చట దాటెనో తెలియదు. ఇరువైపుల నొకటే అడవి, ఒకటే కోయభాష. ఆవలి యూరి పిల్ల ఈవలి యూరికి కోడలై వచ్చుచుండును. సరిహద్దును చూపునది తుపాకి పట్టి నిలిచిన కావలివాడు మాత్రమే. ఆ కావలివాడు ఎవడై యుండవలెను? దూరదేశమునుండి వచ్చినవాడా, ఆ యడవిలోనే పుట్టినవాడా? ఇది పోలీసు కచేరీలలో తేలవలసిన సంగతియని మనము తలంచుట కద్దు. కాని ఆ తుపాకిని కొన్నది మనము చెల్లించు పన్నుల పైకముతోనే గనుక, ఈ ప్రశ్న మన యిండ్లలోనికిని వచ్చుచున్నది.

పూర్వపు దొరతనము దూరపువానినే నమ్మెను. భద్రాచలము, రేకపల్లి ప్రాంతములు 1874లో మధ్యపరగణాలనుండి గోదావరి జిల్లాలోనికి వచ్చినవి. అంతకుముందు రేకపల్లిలో పోడు చేసికొనువాడు గొడ్డలికి నాలుగణాలు చెల్లించి తన పని తాను చూచుకొనెడివాడు. మద్రాసు ప్రభుత్వము ఆ పన్నును ఇంచుమించు మూడింతలు చేసి, కొన్ని యడవులలో పోడునే మాన్పించెను. 1879లో కల్లుపన్నుల బాధచే రంపలో పుట్టిన పితూరీ రేకపల్లికిని ప్రాకినదన్న ఆశ్చర్యమేమి? దాని నణచుటకు మద్రాసు పదాతి పటాలములు ఆరును, హైదరాబాదు కంటింజెంటు సేనలో కొంతయు రావలసివచ్చెను. 1922లో అల్లూరి శ్రీరామరాజు మన్యమున పోరాటము సాగించినపుడు మలబారు ప్రత్యేక పోలీసులు వచ్చిరి. అటుపిమ్మట అస్సాం రైఫిల్సువారు వచ్చిరి. ఊరిమాట యెరుగని సిపాయి గూడెములో ఎవని నేమని ప్రశ్నించును? విల్లు పట్టిన ప్రతివాడును వానికి పితూరీదారే. అడిగినది తెలియక బెదరి పరుగెత్తినవాడు నేరస్థుడే.

కావున స్థానికుడే మేలని తోచుట సహజము. అట్లు తోచిన తరువాత జరిగినది చూడుడు. 2005లో నాటి దంతెవాడ జిల్లాలో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం బయలుదేరెను. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించిరి. పేరు గొప్పది, భత్యము నెలకు 3,000 రూపాయలు, చదువు ఐదవ తరగతి చాలును, శిక్షణ రెండు నెలలు. ఆ కలహమున ఊళ్లకూళ్లు పాడుపడి, వేలకొలది జనులు సరిహద్దు దాటి ఖమ్మము జిల్లా అడవులలో తలదాచుకొనిరి. మనము గుత్తికోయలనుచున్నవారు వీరే. అట్టి యువకుల చేతికి తుపాకులిచ్చి ముందు నిలుపుట వారి ప్రాణములను చులకన చేయుటయని, అది రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ సంవత్సరమే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము కొత్త చట్టము చేసి వారిని సహాయక సాయుధ దళములోనికి తీసికొనెను. జిల్లా రిజర్వు గార్డులో స్థానికులతోపాటు లొంగిపోయిన మావోయిస్టులను కూడ చేర్చుకొనిరి. కేంద్ర రిజర్వు పోలీసు దళమునకు బస్తరియా పటాలమను పేర 241వది ఏర్పడెను. 2018 మేలో శిక్షణ ముగించుకొనిన 534 మందిలో 189 మంది స్త్రీలు.

ఇందులో తప్పేమని అడుగువారు కలరు. అడవి పిల్లకు నెలజీతము దొరకుట చిన్న సంగతియా? పట్టణములలో గుమాస్తా పనికై తిరుగువారమైన మనకు, ఆ యుద్యోగము వలదని వారికి చెప్పు అధికార మెక్కడిది? ఈ మాట న్యాయమైనదే. నేనును వలదనను. ఉప్పు తిన్నవాడు విశ్వాసముగా నుండవలెననుటయు మనకు పెద్దలనుండి వచ్చినదే. కౌరవుల యన్నము తిని వారి పక్షమున నిలిచిన భీష్ముని మనము దూషింపము, జాలిపడుదుము.

కాని ఉప్పు పెట్టినవాడు ప్రతిగా దేనిని కొనుచున్నాడు? భుజబలమునే కొనవలెనన్న అది దేశమంతట దొరకును. స్థానికునివద్ద కొనునది దారి. ఏ వాగు ఎక్కడ దాటవచ్చును, వాననాడు పశువుల కాపరులు ఎచ్చట నిలుతురు, ఏ యింటివాడు ఎవనికి మేనమామ, ఈ మాట నవ్వులాటయా బెదిరింపా అనునది వానికి తెలియును. దీనిని వానికి నేర్పినది తల్లి, మామ, సంతదారిలో తోడు నడచిన పెద్దలు. బ్రదుకుటకై నేర్పిరి. అది వాని యొక్కని సొత్తు కాదు. ఊరి యుమ్మడి సొత్తు. జీతపు పట్టీలో వానికి ముట్టునది కలదు గాని, ఊరికి ముట్టవలసినది లేదు. పైగా దారి చూపినవాడు ఆ దారిని మరల ఇంటికి పోజాలడు. పెక్కుమంది కుటుంబములతో ఊరు విడిచి జిల్లా పట్టణములలో కాపురముండుట అందుచేతనే.

సొంత యూరిపై తుపాకి యెత్తనని చెప్పినవానికి శిక్ష లేకుండవలెను. కాదనగలిగినవాడు ఔననినప్పుడే అది వాని సమ్మతియగును. ఊరు కాలినవాడును, ఆయుధము దించి వచ్చి వేరొక నీడ లేనివాడును కాదనగలరా? ఊరి బాకీ మాటయో, అది భూమితోనే తీరును. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చినది. అయినను సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయ పోడు చేసికొన్న చెక్కకు పట్టా పొందుట దుర్లభముగానే యున్నది. గొడ్డలికి నాలుగణాలు పుచ్చుకొన్న దొరతనము, ఆ మేరకైనను, వాని పోడును లెక్కలోనికి తెచ్చెను.

2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరణ్‌పూర్‌వద్ద మందుపాతర పేలి, జిల్లా రిజర్వు గార్డు జవానులు పదిమందియు, వారి బండి తోలువాడును మరణించిరి. ఆ జవానులలో కొందరు పూర్వము మావోయిస్టులతో నడచినవారే. ఏటేట అక్టోబరు 21న దేశమందలి పోలీసు పటాలములలో అమరుల పేర్లు చదువుదురు. అడవిలో కోయలకు వేరొక యాచారము కలదు: చనిపోయినవానికై ఊరి పొలిమేరన రాయి నిలుపుదురు. పటాలపు ఆవరణలోని స్తూపముపై పేరు చెక్కువాడు ఎప్పుడును దొరకును. ఊరిలో రాయి నిలుపవలసిన బంధువులు మాత్రము పట్టణములో అద్దె యింట నున్నారు.