అన్నదానానికీ ఆశ్రయానికీ నడుమ

ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం పుణ్యకార్యమని తెలుగునాట ఎవరికీ ప్రత్యేకంగా బోధించవలసిన పని లేదు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదాన పథకం, హైదరాబాదులో 2014లో ఐదు రూపాయలకు భోజనం పెట్టడం మొదలుపెట్టిన అన్నపూర్ణ కేంద్రాలు, ఆంధ్రప్రదేశ్‌లోని అన్న క్యాంటీన్లు, గురువారాలు సాయిబాబా మందిరాల దగ్గర, రంజాన్ మాసంలో మసీదుల దగ్గర సాగే వితరణలు ఆ భావన ఎంత లోతుగా వేళ్లూనుకుందో చెబుతాయి. అయితే ఆ విస్తరి ముందు నుండి లేచిన మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్న ప్రశ్నను ఈ ధర్మచింతన అంత శ్రద్ధగా పట్టించుకున్నట్లు కనిపించదు. అన్నం పెట్టడానికి పోటీపడే సమాజం తలదాచుకునే చోటు ఇవ్వడానికి ఎందుకు వెనుకాడుతుందో తేల్చుకోవాలంటే, దానధర్మాల స్వరూపాన్నే కొంత నిశితంగా పరిశీలించవలసి ఉంటుంది.

ముందుగా నిరాశ్రయులంటే ఎవరో నిర్ణయించుకోవాలి. ఇల్లని చెప్పదగిన కట్టడంలో కాక ఆరుబయట, రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, పెద్ద సిమెంటు గొట్టాలలో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, ప్రార్థనాస్థలాల ఆవరణలలో, మండపాలలో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారిని భారత జనగణన ఇళ్లు లేనివారిగా లెక్కిస్తుంది. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జరిపిన లెక్కలో దేశం మొత్తం మీద ఇటువంటివారు సుమారు 17.7 లక్షల మంది తేలారు. ఆ నిర్వచనంలో ప్రార్థనాస్థలాలూ మండపాలూ పేరుపెట్టి చేరడం గమనించదగిన విషయం. దేవుడి ప్రాంగణం నిరాశ్రయులకు చివరి ఆసరాగా ఉన్నదన్న వాస్తవాన్ని ప్రభుత్వ గణన తనకు తెలియకుండానే నమోదు చేసింది.

ఇల్లు లేకపోవడం వల్ల మనిషి అన్నిటికన్నా ముందు పోగొట్టుకునేది నిద్ర. ఫుట్‌పాత్ మీద పడుకునేవారు దుకాణాల షట్టర్లు దిగేదాకా మేలుకొని ఉండి, తెల్లవారుజామున చీపుర్లు పట్టుకొని పారిశుద్ధ్య కార్మికులు వచ్చేలోగా లేచిపోవాలి. ఆ నడుమ దొరికిన కొద్ది గంటలలోనూ చెప్పులు పోతాయన్న భయంతో వాటిని తలకింద పెట్టుకొని, బట్టల మూటను ఒంటికి ఆనించుకొని, పోలీసు లాఠీకీ తాగినవాడి కాలికీ ఉలిక్కిపడుతూ కునుకు తీయాలి. స్త్రీల పరిస్థితి ఇంతకంటే కఠినం. రాత్రి కళ్లు మూయడమే ప్రమాదమైనందువల్ల వారిలో చాలామంది పగటిపూట జనం మసలే చోట, గుడి మండపంలోనో బస్టాండు బెంచీ మీదనో, కూర్చునే నిద్రపోతారు. అలా పట్టపగలు నిద్రపోతున్న మనిషిని చూసి దారినపోయేవారు సోమరితనమని తీర్పు చెప్పడం ఎంత అన్యాయమో వేరే వివరించనక్కరలేదు.

ఈ స్థితిలోని తాత్త్విక సారాన్ని జెరెమీ వాల్డ్రన్ అనే న్యాయతత్త్వవేత్త 1991లో ప్రచురించిన ఒక వ్యాసంలో విశదీకరించాడు. మనిషి చేసే ప్రతి పనీ ఎక్కడో ఒకచోట చేయవలసిందే. ప్రైవేటు స్థలాలలో యజమాని అనుమతి లేనిదే అడుగుపెట్టరాదు, ఉమ్మడి స్థలాలలో పడుకోవడం, స్నానం చేయడం, మూత్రవిసర్జన చేయడం నిషిద్ధం. అటువంటప్పుడు సొంత చోటు లేనివాడికి ఆ పనులు న్యాయంగా చేసుకునే తావు భూమి మీద ఎక్కడా మిగలదు. అంటే పేదరికం అతడి వద్ద డబ్బు లేకుండా చేస్తే, నిషేధాల కూర్పు అతడు నిద్రించే స్వేచ్ఛనే హరిస్తుంది. ఈ తర్కం ముందు అన్నదానం ఎంత విస్తారమైనదైనా అసంపూర్ణంగానే కనిపిస్తుంది, ఎందుకంటే అన్నాన్ని మనిషి దగ్గరకు మోసుకుపోవచ్చు గాని చోటును అలా మోసుకుపోవడం సాధ్యం కాదు.

భారతీయ ధర్మ సంప్రదాయాలు ఇల్లు లేకపోవడాన్ని అవమానంగా కాక ఒక ఉన్నత స్థితిగా కూడా గౌరవించాయన్న వాదన ఇక్కడ ఎదురవుతుంది. నివాసం మీద మమకారం లేనివాడు భగవద్గీతలో భక్తుల లక్షణాల నడుమ ప్రశంస పొందాడు. పరివ్రాజకుడు, అంటే సర్వం విడిచి నిత్యం సంచరించే సన్యాసి, ఒకచోట నిలవరాదన్న నియమాన్ని ధర్మశాస్త్రాలు విధించాయి. కాని ఆ శాస్త్రాలే వానాకాలంలో సంచారం ఆపి ఒకచోట ఉండమని చెప్పాయి, దానినే చాతుర్మాస్యమంటారు. పైగా సన్యాసికి భిక్ష పెట్టడం గృహస్థుల విధిగా నిర్ణయమై ఉంది కనుక, ఇల్లు విడిచినవాడి వెనుక ప్రతి ఇల్లూ అండగా నిలబడింది. స్వయంగా ఎంచుకున్న అనికేత స్థితిని, అంటే ఇల్లు లేని స్థితిని, అప్పులూ జబ్బూ భర్త కొట్టిన దెబ్బలూ కొడుకుల నిరాదరణా రోడ్డు మీదకు నెట్టిన స్థితితో సమానం చేసి, రెండిటికీ వైరాగ్యమని పేరు పెట్టడం ఆ సంప్రదాయానికే అపచారం.

బౌద్ధ వినయపిటకం, అంటే భిక్షువుల నడవడిని నిర్దేశించే గ్రంథసముదాయం, ఈ విషయంలో మరింత స్పష్టమైన దారి చూపుతుంది. చెట్లకిందా గుహలలోనూ శ్మశానాలలోనూ గడ్డివాముల మీదా రాత్రులు గడిపి ఉదయాన్నే వస్తున్న భిక్షువులను చూసిన రాజగృహ నగరపు శ్రేష్ఠి, అంటే ధనికుడైన వర్తకుడు, ఒకడు వారికి వసతి కట్టించవచ్చునా అని అడిగినట్లూ, బుద్ధుడు ఐదు రకాల నివాసాలకు అనుమతించినట్లూ, ఆ శ్రేష్ఠి ఒక్కరోజులో అరవై విహారాలు కట్టించినట్లూ అందులో కథనం ఉంది. కట్టడం పూర్తయ్యాక వాటిని ఏం చేయాలని అతడు అడిగితే, నాలుగు దిక్కుల సంఘానికి, వచ్చినవారికీ ఇకముందు రాబోయేవారికీ ధారపోయమన్నది బుద్ధుడి సమాధానం. దాత తనకు తెలిసిన మనిషికి కాక ఇంకా ముఖమైనా చూడని, రేపు ఎవరో వచ్చేవాడికి చోటు కేటాయించడమే ఇందులోని విశేషం. ఈ సూత్రం ఎంత ముందుచూపుతో కూడినదో నేటి సత్రాల తీరుతో పోల్చినప్పుడు తెలిసివస్తుంది.

వైదిక మార్గంలో దీనికి దగ్గరగా వచ్చేది అతిథిధర్మం. గృహస్థు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో మనుష్యయజ్ఞం ఒకటి, అతిథిని ఆదరించడమే దాని స్వరూపం. కాని శాస్త్రం అతిథిని ఒక రాత్రి ఉండి పోయేవాడిగానే భావించింది. మనుస్మృతి వర్ణాన్ని బట్టి మర్యాదలో హెచ్చుతగ్గులు చేసి, శూద్రుడికి సేవకులతో కలిపి భోజనం పెట్టమని చెప్పింది. ఈ పరిధిని దాటిన ప్రయత్నాలు తెలుగునేల మీద లేకపోలేదు. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం ఇప్పటి అమరావతి ప్రాంతంలోని మందడం గ్రామాన్ని శైవగురువు విశ్వేశ్వర శంభువుకు ఇచ్చిన దానాన్ని తెలుపుతుంది. అక్కడ మఠంతోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల, బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు ఎవరు వచ్చినా అన్నం పెట్టే సత్రం నడిచాయి. ప్రసవానికి వచ్చిన స్త్రీకీ రోగికీ ఆకలిగొన్నవాడికీ ఒకే ఆవరణలో ఏర్పాటు చేసిన ఆ ఊహ ఏడున్నర శతాబ్దాల తరువాత కూడా తలచుకోదగినది. కోనసీమలో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ వేళాపాళా చూడకుండా బాటసారులకు పెట్టిన అన్నం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

తరువాతి కాలంలో సత్రాల వ్యవస్థ విస్తరించింది గాని కులాల వారీగా విస్తరించింది. శ్రీశైలంలో ఏ కులానికి ఆ కులం సత్రం కట్టుకొని, తమవారికి పెద్ద మేలు చేసిన మాట నిజమే అయినా, తమవారనే బంధం తెగిపోయినవాడే నిరాశ్రయుడు కనుక ఆ తలుపులలో ఏదీ అతడిది కాదు. గది కావాలంటే ఆధార్ కార్డు చూపాలి. ఒంటరిగా వచ్చినవారికి గదులు ఇవ్వబడవన్న బోర్డు అనేక వసతిగృహాలలో కనిపిస్తుంది. వానలో మూటతోపాటు కార్డు పోగొట్టుకున్న ఒంటరి వృద్ధుడికి ఈ రెండు నిబంధనలూ కలిసి ఏం చెబుతున్నాయో ఊహించడం కష్టం కాదు. పాత ఇళ్లకు వీధివైపు అరుగులుండేవి, బాటసారి అడగకుండానే వాటిమీద నడుం వాల్చేవాడు. కులం కట్టుబాట్లు అరుగు మీద కూడా ఉండేవన్నది మరువరానిదే అయినా, ప్రహరీగోడలూ గేట్లూ వాచ్‌మన్లూ వచ్చాక ఆ కొద్దిపాటి అవకాశం కూడా పోయింది.

అన్నం పెట్టడం తేలిక, చోటు ఇవ్వడం కష్టం కావడానికి ధనమొక్కటే కారణం కాదు. అన్నం తిన్నవాడు చెయ్యి కడుక్కొని వెళ్లిపోతాడు, దాతకు తృప్తి మిగులుతుంది, ఇద్దరి నడుమ బంధం అక్కడితో ముగుస్తుంది. చోటు పొందినవాడు మాత్రం మరునాడు కూడా అక్కడే ఉంటాడు, అతడి దగ్గూ కోపమూ మతిస్థిమితం తప్పిన మాటలూ ఇరుగుపొరుగుకు నిత్యం వినిపిస్తాయి. అంటే చోటు ఇవ్వడం ఒక మనిషిని పొరుగువాడిగా అంగీకరించడం. ధర్మశాస్త్రం అభయదానమని పేరుపెట్టి దానాలలో మిన్నగా చెప్పినది దీనికే దగ్గరగా ఉంటుంది. శత్రుశిబిరం నుండి వచ్చిన విభీషణుడిని అనుమానించి సుగ్రీవాదులు వద్దన్నా రాముడు చేర్చుకున్న ఘట్టాన్ని వైష్ణవాచార్యులు శరణాగతికి, అంటే ఏ ఆధారమూ లేనివాడు భగవంతుడినే ఆధారంగా పట్టుకోవడానికి, ప్రమాణంగా గ్రహించారు. ఆ ఘట్టాన్ని పారాయణ చేసేవారు ఆశ్రయం కోరి వచ్చినవాడి యోగ్యతను ముందుగా పరీక్షించడం మానుకోవలసి ఉంటుంది. తాగుతాడనో పని చేయడనో చెప్పి నిరాకరించడం ఆ ప్రమాణానికి నిలవదు. ఇక నిరాశ్రయుల ప్రారబ్ధం అలా ఉందన్న మాట విషయానికి వస్తే, మనుష్యయజ్ఞం గృహస్థు చేయవలసిన పనిని చెప్పిందే తప్ప వచ్చినవాడి పూర్వకర్మను విచారించమని చెప్పలేదు.

ఆధునిక న్యాయం కూడా ఇదే ప్రశ్న దగ్గర తడబడింది. బొంబాయి ఫుట్‌పాత్ వాసులకు సంబంధించిన ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు 1985లో జీవనోపాధి జీవించే హక్కులో భాగమని గొప్ప మాట చెప్పి కూడా, ఖాళీ చేయించే అధికారాన్ని కాదనలేదు. వానలు ముగిసేలా అక్టోబరు 31 దాకా ఆగమని మాత్రం చెప్పింది. సన్యాసికి శాస్త్రం ఇచ్చిన వానాకాలపు వెసులుబాటే వారికీ దక్కింది, వానల తరువాతి చోటు మాత్రం దక్కలేదు. ఆహార హక్కు కేసులో అదే కోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల తరువాత, పట్టణాలలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే నైట్ షెల్టర్లు ఉండాలన్నది విధానమైంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ ఒక్కో మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలని నిర్దేశించింది. షెల్టరు కేవలం పడక కాదనీ, అక్కడ ఉన్నవారికి గుర్తింపు పత్రం, రేషన్, పింఛను, వైద్యం అందేలా చూడాలనీ ఆ మార్గదర్శకాలలో ఉంది.

ఈ ఏర్పాట్లకు డబ్బు కన్నా పెద్ద అడ్డంకి వీధి నుండి వస్తుంది. షెల్టరుకు స్థలం చూడగానే తమ కాలనీలో వద్దని అర్జీలు పెట్టేవారిలో శ్రీరామనవమికి పందిరి వేసి వందలమందికి వడ్డించేవారు కూడా ఉంటారు, వారు దుర్మార్గులు కారు, తమ ధర్మం విస్తరితో పూర్తయిందని నమ్మినవారు. అటువంటి అన్నదాన సంఘమొకటి షెల్టరు నిర్వహణ కమిటీలో చేరి, అర్జీ పెట్టిన ఇళ్లకు వెళ్లి మాట్లాడి, రాత్రి కాపలాకు మనిషిని కుదిర్చి, స్త్రీలకు వేరే గదీ లోపలి నుండి వేసుకునే గడియా ఏర్పాటు చేయించగలిగితే, చాలాకాలంగా పగటిపూట మండపంలో కూర్చుని నిద్రపోతున్న ఒక స్త్రీ రాత్రి పడుకోవచ్చు, ఆ చిరునామా మీద ఆధార్‌కూ పింఛనుకూ దరఖాస్తు పెట్టుకోవచ్చు.