ఘనత ఎవరికి?



మన యౌవనస్థుల కూడికలో ఒక ప్రశ్న వచ్చింది. "చెడ్డదానిని చెడ్డదని తెలిసే అనుకరించి నవ్వుకుంటే తప్పేమిటి? అది నిజం కాదని తీసినవానికీ తెలుసు, చూచినవానికీ తెలుసు కదా?" అని. 'గ్రైండ్‌హౌస్' అనే అమెరికా చిత్రాన్ని గురించి, దాని నుండి పుట్టిన పిల్ల చిత్రాలను గురించి ఈ మాట లేచింది. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. సినిమాలు చూడవద్దు అని ఒక్క మాటతో ముగించినయెడల పిల్లలు మన యెదుట అడగడం మానుకుంటారు గాని చూడడం మానుకోరు. గనుక మాకు తోచినంతవరకు నిదానంగా ఆలోచించి వ్రాస్తున్నాము.

సంగతి తెలియని పెద్దల కొరకు ముందు కొంత వివరించాలి. 1930లలో అమెరికాను ఆర్థిక మాంద్యము పట్టి పీడించినప్పుడు హాళ్ళవారు జనాన్ని రప్పించడానికి ఒకే టిక్కెట్టు మీద రెండు చిత్రాలు చూపసాగారు. దీనిని డబుల్ ఫీచర్ అన్నారు. 1934 నుండి 1968 వరకు అక్కడి పెద్ద కంపెనీలు ఒక నీతి నియమావళికి లోబడి చిత్రాలు తీసేవి. దానికి వెలుపల నిలిచి, "పెద్దవారు చూపలేనిది మేము చూపుతాము" అని ఆశపెట్టి, చవుకగా తీసి సొమ్ము చేసుకున్నవాటికి ఎక్స్‌ప్లాయిటేషన్ చిత్రాలు అని పేరు. వ్యాపారములో ఆ మాటకు ప్రచారం చేసి అమ్ముకొనడం అని అర్థం. అయితే దోపిడీ అనే అర్థం కూడ ఆ మాటను విడిచిపోలేదు.

వారి ఉపాయాలు చిత్రమైనవి. 1945లో క్రోగర్ బాబ్ అనే వ్యాపారి 'మామ్ అండ్ డాడ్' అనే చిత్రాన్ని ఆరోగ్య పాఠము అనే పేరుతో ఊరూరా త్రిప్పాడు. ఆడవారికి వేరే ఆట, మగవారికి వేరే ఆట. మధ్యలో ఎలియట్ ఫోర్బ్స్ అనే పేరుగల నిపుణుడు లేచి ఉపన్యాసం చేసి పుస్తకాలు అమ్మేవాడు. ఆ పేరుగల మనిషి ఒక్కడు కాడు. ఒకే కాలమున వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు మనుష్యులు ఆ పేరే పెట్టుకొని మాట్లాడేవారు. పాఠము చెప్పడమే వృత్తిగా గలవారికి ఈ సంగతి నవ్వూ తెప్పిస్తుంది, బాధా కలిగిస్తుంది. చూడరానిదానిని చూపాలంటే దానికొక మంచి ముసుగు కావాలని ఆ వ్యాపారికి బాగా తెలుసు. ఈ ముసుగు సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకోవాలి. ముందుకు దీనితో పని ఉన్నది.

అట్టి చిత్రాలను ఆట వెంట ఆటగా, తక్కువ టిక్కెట్టుకు నడిపే హాళ్ళకు గ్రైండ్‌హౌస్ అని పేరు. న్యూయార్కులోని 42వ వీధి వాటికి ప్రసిద్ధి. ఒకే ప్రింటు ఊళ్ళు తిరిగి తిరిగి అరిగిపోయి, గీతలు పడి, మధ్యలో తెగి, ఒక్కొక్కసారి ఒక రీలే లేకుండా పోయేది. మనలో టూరింగు టాకీసులో నేల మీద కూర్చొని చూచిన పెద్దలకు తెరపై వాన కురిసినట్టుండే ఆ గీతలను గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఆ కాలానికి నివాళి అని చెప్పి రాబర్ట్ రోడ్రిగ్జ్, క్వెంటిన్ టరంటినో అనే ఇద్దరు దర్శకులు 'ప్లానెట్ టెర్రర్', 'డెత్ ప్రూఫ్' అనే రెండు చిత్రాలను జతచేసి, 'గ్రైండ్‌హౌస్' అని పేరుపెట్టి 2007 ఏప్రిల్ 6న విడుదల చేశారు. ఆ దినము శుభ శుక్రవారము. రెండూ కలిసి మూడు గంటల పైచిలుకు. క్రొత్త ఫిల్ముకు పాత గీతలు కల్పించారు. రీలు పోయిందని కావాలనే కథను మధ్యలో తెంచారు. రెండు చిత్రాల నడుమ, లేని సినిమాలకు ఉత్తుత్తి ట్రైలర్లు పెట్టారు. పెట్టిన ఖర్చుకు తగిన రాబడి అమెరికాలో రాలేదు. అనేక ఇతర దేశములలో రెండింటినీ విడదీసి చూపారు.

అయినా కథ అక్కడ ముగియలేదు. నవ్వుకొనడానికి తీసిన ట్రైలర్లు నిజమైన సినిమాలయ్యాయి. 'మషెటి' 2010లో వచ్చింది, దానికి రెండవ భాగం 2013లో వచ్చింది. ఒక పోటీలో నెగ్గిన మరియొక ఉత్తుత్తి ట్రైలరు నుండి 'హోబో విత్ ఎ షాట్‌గన్' 2011లో పుట్టింది. ఎలీ రాత్ తీసిన 'థాంక్స్‌గివింగ్' ట్రైలరు పదహారేండ్ల తరువాత, 2023లో, పూర్తి చిత్రమైంది. కృతజ్ఞతార్పణ పండుగను హత్యల పండుగగా చూపే కథ అది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాము. "ఇది అనుకరణే, నిజం కాదు" అనే మాటలో కొంత సత్యమున్నది. ఆ రక్తము రంగు. ఆ గీతలు కల్పన. కొరింథు సంఘములోను ఇట్టి వాదమే వచ్చింది. విగ్రహమనేది వట్టిది గనుక దానికి అర్పించిన మాంసము తినినందువలన మాకేమి నష్టము అని తెలివిగల విశ్వాసులు అన్నారు. పౌలు వారి తెలివిని కాదనలేదు. అయితే ఆ తెలివి లేని సహోదరుడు ప్రక్కన కూర్చొని చూస్తున్నాడు కదా, వాని సంగతేమిటి అని అడిగాడు. మొదటి పత్రిక ఎనిమిదవ అధ్యాయమును ఇంటిల్లపాది కూర్చొని చదువుకొనండి. నేడు ఆ సహోదరుడు ఎవరు? అన్నగారు పాత చిత్రాల చరిత్ర అంతా తెలిసి చూస్తాడు. పదమూడేండ్ల తమ్ముడు అందులో నుండి తెగిన ఒక్క నిమిషపు ముక్కను ఫోనులో చూస్తాడు. ఆ ముక్కలో నివాళి లేదు, చరిత్ర లేదు, భయపడి అరుస్తున్న ఒక ఆడపిల్ల మాత్రమే ఉన్నది.

పైగా 'థాంక్స్‌గివింగ్' సంగతి చూడండి. 2007 ట్రైలరులో గీతలున్నవి, పాతకాలపు వెక్కిరింపు ఉన్నది. 2023 చిత్రానికి వచ్చేసరికి గీతలు పోయాయి, బొమ్మ శుభ్రమైంది, చంపుడు మిగిలింది. దేనిని చూచి నవ్వుతున్నామని మొదలుపెట్టారో చివరకు అదే చేశారు. అనుకరణ అనే ముసుగు కొంతకాలమే ముసుగుగా ఉంటుంది. ముసుగు తీసిన దినమున కూడ మనము చూస్తూనే ఉంటాము, ఎందుకనగా అప్పటికి కండ్లు అలవాటుపడి ఉంటాయి. 1945లో పాఠము అనేది ముసుగు. మన కాలములో నివాళి అనేది ముసుగు కాగలదు.

ఇంతకంటె లోతైన ప్రశ్న మరొకటి ఉన్నది. నివాళి అంటే ఘనపరచడం. ఎవరిని ఘనపరచాము? ఆ పాత చిత్రాలలో నలిగినది ఫిల్ము ఒక్కటే కాదు. పేరు లేకుండా పనిచేసినవారు, తక్కువ కూలికి ప్రాణముల మీదికి తెచ్చుకొన్నవారు, తెరపై తమ దేహమును చూపించుకొన్న పేద స్త్రీలు నలిగారు. ఫిల్ము మీది గీతలను శ్రద్ధగా కాపాడి, ఆ మనుష్యులను మరచిన యెడల అది గాయమునకు నివాళి గాని గాయపడినవారికి కాదు.

ఇది ఊహ కాదని రెండు సంగతులు చూపుతున్నవి. టరంటినో అట్టి పాత చిత్రాలకు నివాళిగానే 'కిల్ బిల్'ను 2003, 2004లలో రెండు భాగములుగా విడుదల చేశాడు. ఆ చిత్రము తీస్తున్నప్పుడు ఇసుక దారిలో కారును తానే నడపవలసి వచ్చిందనీ, అది చెట్టుకు గుద్దుకొని తన మెడకు, మోకాళ్ళకు దెబ్బలు తగిలాయనీ నటి ఉమా థర్మన్ 2018లో చెప్పింది. అది తన జీవితములో పెద్ద విచారములలో ఒకటని ఆ దర్శకుడు కూడ ఒప్పుకొన్నాడు. కథ అనుకరణే, కాని చెట్టు నిజము.

రెండవది మరింత బాధాకరము. 'గ్రైండ్‌హౌస్'లోని రెండు చిత్రాలలోను నటించిన రోజ్ మెక్‌గవన్, 1997లో నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ తనను బలాత్కరించాడని 2017లో బహిరంగముగా చెప్పింది. అతడు దానిని నిరాకరించాడు. 2022లో లాస్ ఏంజిల్స్‌లో వేరొక స్త్రీ విషయములో జ్యూరీ అతనిని దోషిగా నిర్ణయించింది. 'గ్రైండ్‌హౌస్'ను అమెరికాలో విడుదల చేసిన డైమెన్షన్ ఫిల్మ్స్ ఆ వైన్‌స్టీన్ సోదరుల సంస్థలోని విభాగమే. తెరపై పాతకాలపు దోపిడీని వేళాకోళంగా చూపుతున్నారు. ఆ తెర వెనుక ఒక స్త్రీ ఇరవై ఏండ్ల మౌనమును మోస్తున్నది. దోపిడీ గతించిన కాలపు సరదా అని నవ్విన హాలులో ఈ సంగతి ఎంతమందికి తట్టి ఉంటుంది?

అయితే న్యాయముగా మాట్లాడాలి. ఇదే చిత్రాలలో మంచి నివాళి కూడ ఉన్నది. 'కిల్ బిల్'లో ఉమా థర్మన్‌కు బదులు ప్రమాదకరమైన పనులు చేసిన న్యూజిలాండు స్త్రీ జోయి బెల్. అట్టివారి ముఖము తెరపై కనబడకూడదు, అదే వారి వృత్తి. 'డెత్ ప్రూఫ్'లో ఆమెను తన సొంత పేరుతో, తన సొంత ముఖముతో నిలబెట్టారు. ఇది దాచబడినవారిని వెలుగులోకి తేవడం.

1970లలో నల్లజాతివారి పాత్రలతో వచ్చిన చిత్రాలను గురించియు ఇట్లే రెండు మాటలున్నవి. అవి తమ జాతిని అవమానిస్తున్నాయని 1972లో నల్లజాతి హక్కుల సంఘములవారు గట్టిగా ఎదిరించారు. "మాకు పని దొరికింది, మొట్టమొదటిసారి మావారు గెలవడం తెరపై చూచాము" అనేది రెండవ వైపు మాట. రెండింటిలోను సత్యమున్నది. ఆ కాలపు నటి పామ్ గ్రియర్‌కు 1997లో 'జాకీ బ్రౌన్'లో నడివయస్సు స్త్రీగా, బుద్ధిమంతురాలిగా ముఖ్య పాత్ర ఇచ్చారు. అది ఆమెను ఘనపరచడమే.

'మషెటి'లో నటించిన డానీ ట్రేహో సంగతి కూడ చెప్పాలి. యౌవనములో చెరసాలలలో గడిపినవాడు. 1968లో చెరలో దేవునికి మొరపెట్టి, మత్తును విడిచి, తరువాత అట్టివారికి సహాయకుడైనవాడు. ఎన్నో ఏండ్లు చిన్న చిన్న దుర్మార్గుల వేషములు వేసి, అరువది దాటిన తరువాత ఆ చిత్రములో కథానాయకుడయ్యాడు. కథ కూడ వలస వచ్చిన మెక్సికో కూలీలను గురించినది. వలస కుటుంబములుగా పరాయి భాష నడుమ తరములు గడిపిన మనకు ఆ కూలి నిలబడే వీధి మూల తెలియనిది కాదు. వాని ఆక్రందన నిజము. అయితే ఆ చిత్రము ఇచ్చిన జవాబు కత్తి. వలసవానికి న్యాయము కావాలని ధర్మశాస్త్రము ఎంతో గట్టిగా పలుకుతుంది గాని, నరకబడిన తలలను లెక్కించి నవ్వుకొనమని ఎక్కడా చెప్పదు.

నోవహు కుమారుల చరిత్ర మనకు దారి చూపుతుంది. తండ్రి అవమానకరమైన స్థితిలో పడి ఉన్నాడు. హాము చూచాడు, బయటికి వెళ్ళి చెప్పాడు. షేము, యాపెతు బట్ట తీసికొని వెనుకకు నడిచి, చూడకుండ కప్పారు. ముగ్గురికీ సంగతి తెలుసు. తెలియడములో భేదము లేదు, తెలిసిన తరువాత చేసిన పనిలో భేదమున్నది. అవమానించబడినవారిని మరల చూపి నవ్వేది హాము నివాళి. వారికి బట్టయు పేరును ఇచ్చేది షేము, యాపెతుల నివాళి.

గనుక యౌవనస్థులారా, మీ ప్రశ్నకు మా జవాబు ఇది. అనుకరణ తనంతట తాను పాపము కాదు, తనంతట తాను శుద్ధియు కాదు. చూచే ముందు ఒక్కటి అడగండి: ఈ చిత్రములో ఎవరు ఘనపరచబడుతున్నారు, ఎవరి అవమానము మీద నేను నవ్వుతున్నాను? చూచిన తరువాత మరొకటి అడగండి: నా ప్రక్కన నా చెల్లెలు కూర్చొని ఉంటే ఇట్లే నవ్వి ఉండేవాడినా? తల్లిదండ్రులారా, మీరు ఫోను లాగుకొనే ముందు ఈ ప్రశ్నలు కలిసి మాట్లాడుకొనండి. కాపలా ఇంటివరకే ఉంటుంది, వివేచన పిల్లల వెంట పరాయి ఊరికి కూడ వెళ్తుంది.

ఘనతకు పాత్రులైనవారిని ఘనపరచే మనస్సును, నలిగినవారిని చూచి కప్పే చేతులను ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.