మంటి ఘటములోని గానము

సంఘమునకు పాటనిచ్చినవాని జీవితము మలినమైనదని తెలిసినప్పుడు, అతని పాటను కూడ త్రోసివేయవలెనా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నాలుగు వందల సంవత్సరములకు పూర్వమే ఇంగ్లండులోని చిచెస్టరు కతీడ్రలులో ఇది తలయెత్తెను.

అక్కడి ఆర్గను వాద్యకుడు థామస్ వీల్క్స్. ఎలిజబెత్ రాణి కాలమున మాడ్రిగల్ అను గానరీతి ఇటలీనుండి వచ్చి ఇంగ్లండులో వ్యాపించెను. కొలదిమంది గాయకులు తమ తమ స్వరమార్గములలో పాడుచు, పదముల భావమును నాదముచేతనే చిత్రించు లౌకిక గీతమది. మోర్లీ, విల్బీలతో పాటు వీల్క్స్ అందు మేటి. 1597, 1598, 1600 సంవత్సరములలో అతని మాడ్రిగల్ సంపుటములు వెలువడెను. ఆ నేర్పునే అతడు దేవుని మందిరమునకును తెచ్చెను. అబ్షాలోము కొరకు దావీదు చేసిన విలాపమునకు (2 సమూయేలు 18:33) అతడు కూర్చిన స్వరములలో తండ్రి గుండె పగులుట వినవచ్చును.

అట్టివాడు త్రాగుబోతనియు దూషకుడనియు అభియోగము పొంది 1617 లో పదవి కోల్పోయెను. తరువాతను అతని నడవడి మారలేదని 1619 నాటి ఫిర్యాదు తెలుపుచున్నది. అయినను 1622 నాటికి అతడు మరల ఆర్గను యొద్ద నుండెను. 1623 లో లండనులో మరణించెను.

సేవకుని అయోగ్యత దేవుని వరమును చెరుపజాలదని దొనాతియులతో వాదించుచు అగస్టీను బోధించెను. 1571 నాటి ఆంగ్లికను విశ్వాస సూత్రములలో ఇరువదియారవది సంస్కారముల విషయమై ఆ మాటనే చెప్పి, అంతటితో ఆగక, దుష్టుడైన సేవకుని విచారించి తొలగించుట సంఘముయొక్క విధియనియు చెప్పుచున్నది. ఈ రెండును కలిసియే సత్యము. పాట మంచిదని పాపమును కప్పిపుచ్చరాదు. పాపమును చూచి పాటను పారవేయరాదు.

అయితే ఆ పాడినవాని సంగతియేమి? ఇతరులకు ప్రకటించిన పిమ్మట తానే భ్రష్టుడగుదునేమోయని పౌలు భయపడెను (1 కొరింథీ 9:27). వరము మన యోగ్యతకు సాక్ష్యము కాదు. అది మనద్వారా ఇతరులను ఆదరించుచుండగా మనము ఎండిపోవుట సాధ్యమే.

ప్రియ చదువరీ, దావీదు విలపించినది నీతిమంతుని కొరకు కాదు, తిరుగబడిన కుమారుని కొరకే. ఆ విలాపమునకు స్వరము కట్టినవాడు తన్ను గూర్చియు ఒక తండ్రి విలపించుచున్నాడని ఎరిగెనో లేదో దేవునికే తెలియును. మనమైతే ఎరుగుదము. కావున అతని పాటను కృతజ్ఞతతో విందము. మనలో పాడుచున్నవారి కొరకు, వారు బ్రతికియుండగానే, ప్రార్థింతము.